పట్టు చీర ‘పటు’ చీర కాకుండా: సోషల్ మీడియాలో పెట్టే ఫొటోను సిద్ధం చేసుకోవడం ఎలా?

పోయిన ఆషాఢంలో మా అక్క ఫోన్ చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి దగ్గరే చీరలు అమ్ముతుంది. ఆషాఢం ఆఫర్ పోస్టర్ అప్పుడే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిందట. “ఒరేయ్, పట్టు చీర కాస్తా పటు చీర అయిందిరా. 1,899 అని వేయిస్తే 1,399 లాగా కనపడుతోందట. ఒకామె ఆ ధరకే ఇవ్వమని కూర్చుంది” అంది. తెరిచి చూశాను. నిజమే. ‘ట’ కింద ఉండాల్సిన ఒత్తు మసక చుక్కలా మిగిలింది. జరీ అంచు బూడిద రాసినట్టుంది.

ఆ పోస్టర్ ఎన్ని చేతులు మారిందో అడిగితే సంగతి బయటపడింది. ఒక డీటీపీ షాపులో చేయించారు. షాపు అబ్బాయి దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపాడు. బావ దాని మీద ఫోన్ నంబరు రాసి, స్క్రీన్‌షాట్ తీసి, మళ్లీ వాట్సాప్‌లోనే అక్కకు పంపాడు. అక్క దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. జిరాక్స్ కాగితానికి జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్ తీసినట్టు. నాలుగో కాపీలో ఒత్తు ఎక్కడ మిగులుతుంది?

ఆ తర్వాత అక్క పేజీ నేనే చూసుకుంటున్నాను. మా నల్లకుంటలో ఒక కర్రీ పాయింట్ వాళ్ల పేజీ కూడా వచ్చి చేరింది. ఈ రెండింటి మీద చేసిన తప్పులు, దిద్దుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఖరీదైన కెమెరా, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మామూలు ఫోన్ చాలు.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. మనం ఏం చేసినా యాప్ మన ఫొటోను కుదిస్తుంది. దాన్ని ఆపడం మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నవి రెండు. యాప్ దగ్గరికి చేరేలోపు దారిలో ఇంకెవరూ కుదించకుండా చూడటం ఒకటి. యాప్‌కు కోసే పని మిగలకుండా ముందే సరైన కొలతకు తెచ్చి ఇవ్వడం రెండోది. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే.

కుదిస్తే పోయేదేమిటి?

ఫోన్లు, యాప్‌లు ఫొటోను కుదించి దాచడానికి ఎక్కువగా వాడే జేపీజీ 1992 నాటి పద్ధతి. ఫొటోను అడ్డంగా 8, నిలువుగా 8 పిక్సెళ్ల (ఫొటోలోని చిన్న రంగు చుక్కల) గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిలో రంగు, వెలుగు ఎలా మారుతున్నాయో లెక్క కట్టి, కంటికి అంతగా ఆనని సన్నటి మార్పులను పారేస్తుంది. గోడ, ఆకాశం, చీరలో సాదా భాగం లాంటి చోట్ల పారేసినా తెలియదు. నల్ల అక్షరం పక్కన తెల్ల నేల ఉంటే మాత్రం తెలిసిపోతుంది. అంచు చుట్టూ దోమలు ముసిరినట్టు చిన్న చిన్న మచ్చలు వస్తాయి. తెలుగు అక్షరాల్లో ఒత్తు, సుడి, సున్న లోపలి ఖాళీ అన్నీ ఆ కొలతలోనే ఉంటాయి. ఇంగ్లీషు పోస్టర్ బతికి బయటపడ్డ చోట తెలుగు పోస్టర్ దెబ్బతినడానికి కారణం ఇదే.

రంగు సంగతి ఇంకోటి. మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత బాగా రంగులో తేడాను పట్టదు. అందుకే చాలా యాప్‌లు వెలుగు సమాచారం పూర్తిగా ఉంచుతాయి, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే రాసుకుంటాయి. ఫలితంగా ఎర్రటి అక్షరాలు నీలం మీదో ఆకుపచ్చ మీదో వేస్తే రంగు పక్కకు కారినట్టు కనిపిస్తుంది. మన పండగ పోస్టర్లన్నీ ఎరుపు, పసుపు, పచ్చే కదా! బోనాల పోస్టర్ మీద కుంకుమ రంగు అక్షరాలు పచ్చటి వేపమండల మీద వేసి, ఎందుకు మసకగా ఉన్నాయో అర్థం కాక నేనొక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. అక్షరాలకు తెల్ల రంగు వేసి, కుంకుమ రంగును వెనక పట్టీకి ఇచ్చాక గానీ సర్దుకోలేదు.

మొదటి పని: అసలు ఫైలు చేతికి తెచ్చుకోండి

నూటికి తొంభై సమస్యలు ఇక్కడే పుడతాయని నా నమ్మకం. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు తగ్గుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌కు కావాల్సిన వెడల్పు 1,080 మాత్రమే కాబట్టి సరిపోతుంది కదా అనిపిస్తుంది. కొలత సరిపోతుంది గానీ అప్పటికే ఒకసారి గట్టిగా పిండేసిన సరుకు అది. పైగా అందులోంచి ఒక మూల కత్తిరించి చీర కొంగు మాత్రం చూపిద్దామనుకుంటే చేతిలో 500, 600 పిక్సెళ్లే మిగులుతాయి.

వాట్సాప్‌లోనే పంపాల్సి వస్తే రెండు దారులున్నాయి. ఫొటో పంపే ముందు పైన ‘హెచ్‌డీ’ అనే గుర్తు కనిపిస్తుంది, అది నొక్కండి. 2023 ఆగస్టులో వచ్చిన సౌకర్యం ఇది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మీడియా అప్‌లోడ్ క్వాలిటీ దగ్గర హెచ్‌డీ పెట్టుకుంటే ప్రతిసారీ నొక్కే బాధ ఉండదు. అయితే హెచ్‌డీలోనూ కొంత కుదింపు ఉంటుంది. పోస్టర్ లాంటివాటికి రెండో దారే మంచిది. పిన్ను గుర్తు నొక్కి, గ్యాలరీకి బదులు ‘డాక్యుమెంట్’ ఎంచుకుని ఫైలు పంపాలి. అప్పుడు ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. గూగుల్ డ్రైవ్ లింకు పంపినా అంతే. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ ఇంకా సులువు.

డాక్యుమెంట్‌గా పంపేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఫొటో ఎక్కడ తీశారో ఆ ఫైలు లోపలే రాసి ఉంటుంది. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని తీసేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే తీయదు. ఇంటి నుంచి వ్యాపారం చేసే ఆడవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇలా పంపే ముందు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసుకోండి.

గూగుల్ ఫొటోస్‌లో దాచుకునేవాళ్లు బ్యాకప్ క్వాలిటీ ఒకసారి చూసుకోండి. ‘స్టోరేజ్ సేవర్’ అని ఉంటే ఫొటోలు కుదించి దాస్తోందన్నమాట. ఫోన్లోంచి తీసేశాక మిగిలేది ఆ కుదించిన కాపీయే. స్క్రీన్‌షాట్ గురించి వేరే చెప్పాలా? ఫొటో ఎంత పెద్దదైనా మీ తెర ఎంతుందో అంతే వస్తుంది, పైన బ్యాటరీ గుర్తుతో సహా.

ఐఫోన్ వాళ్లకు ఇంకో చిక్కు. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఫొటోలు హెచ్ఈఐసీ రకంలో దాచుకుంటున్నాయి. చాలా డీటీపీ షాపుల కంప్యూటర్లలో ఆ ఫైలు తెరుచుకోదు. “స్క్రీన్‌షాట్ కొట్టి పంపు అన్నా” అంటారు. కొట్టకండి. సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టుకుంటే ఇకపై తీసేవన్నీ జేపీజీగానే వస్తాయి.

డీటీపీ షాపులో ఏమని అడగాలి?

“అన్నా, ఫుల్ క్వాలిటీ, 300 డీపీఐ పెట్టిన” అని షాపు అబ్బాయి ధీమాగా చెప్తాడు. అబద్ధం కాదు. ఫ్లెక్సీకి, కరపత్రానికి డీపీఐ ముఖ్యమే, అంగుళంలో ఎన్ని చుక్కలు అచ్చు వేయాలో అది చెబుతుంది. ఫోన్ తెర మీద అంగుళాల లెక్క లేదు, పిక్సెళ్ల లెక్కే. 1,080 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మకు 72 డీపీఐ పెట్టినా, 300 పెట్టినా ఇన్‌స్టాగ్రామ్‌లో వెంట్రుకవాసి తేడా రాదు.

అచ్చు కోసం చేసిన ఫైళ్లలో రంగులు సీఎంవైకే అనే సిరాల లెక్కలో ఉంటాయి, ఫోన్ తెరకు కావాల్సింది ఆర్‌జీబీ లెక్క. దాన్నే ఫోన్లో పెడితే రంగులు మారిపోతాయి. అక్క వాళ్ల రాణీ రంగు చీర ఒకసారి వంకాయ రంగులోకి దిగింది. కాబట్టి షాపులో ఈ మాట అచ్చంగా ఇలాగే చెప్పండి: “ఫ్లెక్సీకి వేరే, ఫోన్‌కు వేరే ఇవ్వు. ఫోన్‌కు ఆర్‌జీబీలో, 1,080 బై 1,350 పిక్సెళ్లు, పీఎన్‌జీ ఫైలు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు.” కాగితం మీద రాసిస్తే ఇంకా మంచిది.

రెండో పని: తీసేటప్పుడే సగం గెలవండి

దీన్ని తొందరగా ముగిస్తాను, ఫొటోలు తీయడం వేరే విద్య. లెన్స్ తుడవండి. నవ్వకండి, కర్రీ పాయింట్ ఫోన్ లెన్స్ మీద ఉన్న నూనెతో పోపు పెట్టొచ్చు. వేళ్లతో జూమ్ చేయడం మానేసి, రెండడుగులు ముందుకు వేయండి. ఇన్‌స్టాగ్రామ్ లోపలి కెమెరా కన్నా ఫోన్ సొంత కెమెరాతో తీయడం మేలు.

వెలుగు తక్కువైతే ఫొటోలో ఇసక చల్లినట్టు మచ్చలు వస్తాయి. జేపీజీకి ఆ ఇసక కూడా వివరమే. దాన్ని రాసుకోవడానికే ఉన్న చోటంతా ఖర్చు పెట్టి, చీర నేతను పారేస్తుంది. చార్మినార్ దగ్గర రాత్రి దీపాల్లో తీసిన ఫొటోలు పోస్ట్ చేశాక మరీ ముద్దగా మారేది ఇందుకే. సరుకు ఫొటోలైతే పగటి పూట, కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. ఫొటోలో అడ్డంగా నల్ల చారలు వస్తుంటే కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెట్టండి, పోతాయి.

మూడో పని: ముందు కత్తిరించండి, తర్వాతే తగ్గించండి

వరుస తప్పకూడదు. ముందే చిన్నది చేసేసి ఆ తర్వాత కత్తిరిస్తే చేతిలో ఏమీ మిగలదు.

12 మెగాపిక్సెల్ ఫొటో నిలువుగా పట్టుకుని తీస్తే 3,000 బై 4,000 ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ నిలువు పోస్టుకు వాడుకగా పెట్టేది 4:5, అంటే 1,080 బై 1,350. లెక్క వేసి చూడండి. మొదటి దాంట్లో కోటీ 20 లక్షల పిక్సెళ్లు, రెండో దాంట్లో సుమారు 14 లక్షల 58 వేలు. ఎనిమిదో వంతు. మిగతా ఏడు వంతులు ఎవరో ఒకరు తీసేయాలి. ఆ పని హడావిడిగా యాప్ చేస్తే ఒక రకంగా, తీరిగ్గా మీరు చేస్తే ఇంకో రకంగా ఉంటుంది.

ఇన్‌స్టాగ్రామ్ 1,080 కన్నా వెడల్పున్న ఫొటోను 1,080కి దించుతుంది. 320 నుంచి 1,080 మధ్య ఉన్నదాని వెడల్పును అలాగే ఉంచుతుంది. కాబట్టి మీ దగ్గర 700 పిక్సెళ్ల ఫొటోనే ఉంటే దాన్ని సాగదీసి 1,080 చేయకండి. అట్ల పిండిలో నీళ్లు పోసి పలచన చేసినట్టే, అట్లు ఎక్కువొస్తాయి గానీ రుచి రాదు.

చతురస్రం పోస్టుకు 1,080 బై 1,080. స్టోరీకి, రీల్ కవర్‌కు 1,080 బై 1,920. స్టోరీలో పైన సుమారు 250 పిక్సెళ్లు, కింద 340 పిక్సెళ్లు వదిలేసి రాతలు పెట్టండి, ఆ చోట్లలో పేజీ పేరు, బటన్లు వచ్చి కూర్చుంటాయి. యూట్యూబ్ థంబ్‌నెయిల్ 1,280 బై 720. కింద కుడి మూల వీడియో నిడివి అంకెలు పడతాయి కాబట్టి ఆ మూలన ధర వేయకండి.

2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో గళ్లు చతురస్రం పోయి 3:4 అయ్యాయి. మీ 4:5 పోస్టర్ ఆ గడిలో ఎడమ 34, కుడి 34 పిక్సెళ్ల చొప్పున తెగుతుంది. చిన్నదే గానీ అంచుకు ఆనించి రాసిన ఫోన్ నంబరులో చివరి అంకె పోవడానికి అది చాలు. రాతలన్నీ అంచు నుంచి కనీసం 60 పిక్సెళ్లు లోపలికి ఉంచండి.

ఫేస్‌బుక్ కవర్ ఫొటోతో నాకు చాలా రోజులు పోరు నడిచింది. కంప్యూటర్‌లో అది 820 బై 312గా, ఫోన్లో 640 బై 360గా కనిపిస్తుంది. ఒకే బొమ్మ, రెండు కిటికీలు. ఒకదాంట్లో పైనా కిందా తెగితే, ఇంకోదాంట్లో పక్కలు తెగుతాయి. షాపు పేరు నట్టనడుమ పెట్టి, చుట్టూ చీరల మడతలో పూలో పెడితే ఏది తెగినా నష్టం లేదు.

నాలుగో పని: కొలత తగ్గించడం, పదును పెట్టడం

కంప్యూటర్ ఉంటే స్క్వూష్ అనే గూగుల్ వాళ్ల ఉచిత పనిముట్టు నాకు నచ్చింది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, మీ ఫొటో ఎక్కడికీ వెళ్లదు, పని మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది. మధ్యలో ఒక గీత ఉంటుంది, అటూ ఇటూ జరుపుతూ ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉందో పోల్చుకోవచ్చు. రీసైజ్‌లో 1,080 అని కొట్టి, పద్ధతి దగ్గర ‘లాంజోస్3’ ఉంచండి. ఫోన్లోనే చేసుకునేవాళ్లకు లైట్‌రూమ్ మొబైల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కొలత ఇచ్చే వీలుంది. పోస్టర్లు తయారుచేసే కాన్వా యాప్‌లో అయితే పని మొదలుపెట్టేటప్పుడే 1,080 బై 1,350 అని కొలత ఇచ్చుకోండి, చివర్లో మార్చడం తలనొప్పి.

చిన్నది చేశాక ఏ ఫొటో అయినా కాస్త మెత్తబడుతుంది. అప్పుడు కొద్దిగా షార్పెన్ చేయాలి. చిన్నది చేయకముందు కాదు, చేశాక. ఎంత? ఫొటోను అసలు సైజులో చూస్తూ పెంచండి. అంచుల చుట్టూ తెల్ల గీత కనిపించడం మొదలవగానే రెండడుగులు వెనక్కి రండి.

చీరల వ్యాపారం చేసేవాళ్లు ఇక్కడ ఆగి వినాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును ముందే కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టు, ఈకలు ఈకలుగా ఉంటాయి. అది మసక కాదు, ఆ నేత గుర్తే అది. షార్ప్‌నెస్ బాగా పెంచి ఆ అంచును గీత గీసినట్టు చేస్తే, తెలిసిన కొనుగోలుదారు “ఇది ప్రింటు చీర” అని దాటిపోతుంది. అక్క వాళ్ల మొదటి ఇక్కత్ ఫొటోలకు నేను చేసిన నిర్వాకం అదే.

సన్న గళ్లు, సన్న చారలు ఉన్న చీరలది ఇంకో తంటా. నారాయణపేట చిన్న గళ్ల చీరను చిన్నది చేస్తే బట్ట మీద లేని అలలు, వంకర చారలు పుట్టుకొస్తాయి. నేతలోని గీతల వరుస, పిక్సెళ్ల వరుస ఒకదాని మీద ఒకటి పడి చేసే మాయ అది. తర్వాత దిద్దడం కష్టం. మళ్లీ తీయడమే మేలు: కాస్త దగ్గరికి జరిగి గానీ, చీరను కొద్దిగా ఏటవాలుగా పరిచి గానీ. మళ్లీ తీయడం కుదరకపోతే చిన్నది చేసే ముందు ఒక్క పిసరు బ్లర్ ఇవ్వండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

ఐదో పని: రంగుల లెక్క, ఫైలు రకం

రంగుల లెక్కల్లో అందరూ ఒప్పుకునేది 1996 నాటి ఎస్ఆర్‌జీబీ. ఐఫోన్లు అంతకన్నా విశాలమైన డిస్‌ప్లే పీ3లో తీస్తాయి. పెద్ద కెమెరాలు వాడే పెళ్లి ఫొటోగ్రాఫర్లు కొందరు అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తారు. అలాంటివి తేడా తెలియని తెరల మీద వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘కలర్ స్పేస్’ దగ్గర ఎస్ఆర్‌జీబీ ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు.

ఫైలు రకం విషయంలో చాలామంది కంగారు పడతారు. ఫొటో అయితే జేపీజీ, క్వాలిటీ 85 నుంచి 90. వంద పెట్టి లాభం లేదు, ఫైలు బరువు రెండింతలవుతుంది గానీ కంటికి తేడా ఆనదు. రాతలు ఎక్కువున్న పోస్టర్, లోగో, మెనూ అయితే పీఎన్‌జీ. పీఎన్‌జీ దేన్నీ పారేయదు. ఇన్‌స్టాగ్రామ్ ఎలాగూ దాన్ని జేపీజీగా మార్చుకుంటుంది కదా అంటే, అవును, మార్చుకుంటుంది. కానీ అది మొదటి కుదింపు అవుతుంది. మీరు జేపీజీ ఇస్తే అది రెండోది.

ఫొటో తెరిచి, కాస్త మార్చి, సేవ్ చేసి, రేపు మళ్లీ తెరిచి ఇంకాస్త మార్చి సేవ్ చేయడం మానేయండి. జేపీజీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. మార్పులన్నీ అసలు ఫైలు మీదే ఒక్కసారి చేసి, కొత్త పేరుతో ఒక్కసారి దించండి.

హుస్సేన్‌సాగర్ మీద సాయంత్రం ఆకాశం లాంటి ఫొటోలో రంగు మెల్లగా మారే చోట మెట్లు మెట్లుగా పట్టీలు వస్తాయి. దానికి విరుగుడు, ఆకాశం మీద పొడిపొడిగా కాస్త గ్రెయిన్ వేయడం. ఇందాక ఇసక వద్దన్న వాడే ఇప్పుడు వేయమంటున్నాడేమిటని అనుకోకండి. కూరలో ఉప్పు లాంటిదే, చిటికెడు.

పోస్టర్ మీద తెలుగు

ఇది నాకు ఇష్టమైన భాగం. ఫోన్ తెర వెడల్పు సుమారు ఏడు సెంటీమీటర్లు. 1,080 పిక్సెళ్లు అందులో ఇమడాలి. అంటే 40 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం తెర మీద రెండున్నర మిల్లీమీటర్లు. ఒత్తు అందులో సగమో ఇంకా తక్కువో. అందుకే నేను పెట్టుకున్న నియమం: 1,080 వెడల్పు పోస్టర్ మీద 40 కన్నా చిన్న తెలుగు అక్షరం వేయను. పట్టకపోతే మాటలు తగ్గిస్తాను. కర్రీ పాయింట్ ఆయన మెనూలో 22 కూరలూ ఒకే పోస్టర్‌లో కావాలన్నాడు. మూడు పోస్టర్లు చేసి స్వైప్ చేసేలా పెట్టాం. గుత్తివంకాయ మొదట్లో ‘గుతివంకాయ’గా ఉండేది, ఇప్పుడు ఒత్తుతో సహా వచ్చింది.

ఫాంటు సన్నగా ఉంటే కుదింపులో గీతలు తెగుతాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో శీర్షికకు రామభద్ర దిట్టంగా నిలబడుతుంది. లోపలి రాతకు మండలి, నోటో సాన్స్ తెలుగు చదవడానికి హాయిగా ఉంటాయి. సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద సురవరం అనే ఫాంటు కూడా ఉంది. గోలకొండ పత్రిక నడిపిన మనిషి పేరుతో హైదరాబాద్‌లో పోస్టర్ వేయడం నాకు కొంచెం గర్వంగా ఉంటుంది, అది వేరే సంగతి. వరుసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. లేకపోతే పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఢీకొంటాయి.

ఫొటోషాప్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయా? తప్పు ఫాంటుది కాదు. టైప్ సెట్టింగ్స్‌లో ‘వరల్డ్ రెడీ’ లేదా దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి, కొత్త ఫైలు తెరిచి చూడండి. షాపుల్లో వాడే అను ఫాంట్లు బొమ్మగా మారాక ఇబ్బంది పెట్టవు, కానీ ఆ రాతను కాపీ చేసి ఫోన్లో క్యాప్షన్‌గా పెడితే పిచ్చి గీతలు వస్తాయి. క్యాప్షన్ మాత్రం ఫోన్లో విడిగా టైపు చేసుకోవాల్సిందే.

ఫొటో మీద నేరుగా అక్షరాలు వేయడం కన్నా, ఒకే రంగు పట్టీ వేసి దాని మీద రాయడం మేలు. ముదురు పట్టీ మీద తెలుపు, లేత పట్టీ మీద నలుపు. జరీ బుటాల మీద బంగారు రంగు అక్షరాలు వేయాలని ప్రతి షాపు యజమానికీ ఉంటుంది. వద్దని నచ్చజెప్పడం మీ వంతు.

చివరి పని: ఎక్కించడం, సరిచూడటం

ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో ‘మీడియా క్వాలిటీ’ అనే చోట ‘అప్‌లోడ్ ఎట్ హయ్యెస్ట్ క్వాలిటీ’ అని ఒక మీట ఉంటుంది. మామూలుగా ఆపి ఉంటుంది, ఆన్ చేయండి. డేటా సేవర్ ఆపండి. కంప్యూటర్‌లో తయారైన ఫైలును ఫోన్‌కు తెచ్చుకోవడానికి మళ్లీ వాట్సాప్ వాడి చేసిందంతా చెడగొట్టుకోకండి. కేబుల్, డ్రైవ్, క్విక్ షేర్, ఏదైనా సరే. నేను ఈ తప్పు కనీసం మూడుసార్లు చేశాను, అలవాటు అలాంటిది. యాప్ లోపల ఫిల్టర్లు వేయకండి, వేళ్లతో పెద్దది చిన్నది చేయకండి. మీరిచ్చిన కొలత 4:5 అయితే యాప్‌లో కూడా అదే ఎంచుకున్నారో లేదో చూసి, ఆ తర్వాతే షేర్ నొక్కండి.

వాట్సాప్ స్టేటస్‌కు విడిగా 1,080 బై 1,920లో చేసుకోండి. ఇన్‌స్టాగ్రామ్ పోస్టును స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టడమంటే మళ్లీ జిరాక్స్ షాపుకు పోవడమే.

ఫైళ్లకు నేను రెండు ఫోల్డర్లు పెట్టుకున్నాను. ‘అసలు’ అనే దాంట్లో కెమెరాలోంచి వచ్చినవి, కాన్వా నుంచి దించినవి, ఎవరూ ముట్టుకోకూడదు. ‘పోస్ట్’ అనే దాంట్లో కుదించినవి. వచ్చే ఏడు ఆషాఢానికి అదే పోస్టర్ కావాలంటే ‘అసలు’లోంచే మొదలుపెడతాను, పేజీలోంచి దించుకోను.

పోస్ట్ చేశాక మీ ఫోన్లో చూసి సంబరపడకండి. ఇంకో ఫోన్లో, ఇంకో అకౌంట్‌తో చూడండి. మా ఇంట్లో అమ్మ వాడే ఫోన్ తెర చిన్నది, ఒక మూల పగుళ్లు కూడా ఉన్నాయి. పోస్టర్ పెట్టగానే అక్క దాన్ని అమ్మకు చూపించి “ఇక్కడేం రాసుందో చదువు” అంటుంది. కళ్లద్దాలు లేకుండా అమ్మ ధర సరిగ్గా చదివితే ఉంచుతాం. తడుముకుంటే తీసేసి, ‘అసలు’ ఫోల్డర్ తెరుస్తాం.